దయచేసి చప్పట్లు కొట్టవద్దు

పులివెందుల పక్కన, చీనీ తోటల నడుమ ఉన్న ఆ ఊళ్లో నాటకం ఆఖరి అంకానికి వచ్చేసరికి తెల్లవారింది. కుంపిణీవాళ్లు ఎర్రమల పాలెగాణ్ణి ఉరితీసి, శవాన్ని తల్లికి అప్పగించారు. పాలెగాడి వేషం కట్టిన వసీం చాప మీద వెల్లకిలా పడి, ఊపిరి బిగబట్టి, శవంగా ఉన్నాడు. తల్లి వేషంలో మైమూన్ అతని తల పక్కన కూర్చుని శోకపద్యాలలో మొదటిదాన్ని ఎత్తుకున్నది. చివరి రాగం ఇంకా గాలిలో ఉండగానే జనంలోంచి కేక లేచింది.

"వన్స్‌మోర్!"

"ఇంగొగసారి, మైమూనక్కా! ఇంగొగసారి!"

"రేయ్ వసీమూ, లేయ్ రా! మల్లా చావాల నువ్వు!"

"మెల్లగ చావప్పా, తొందరేముంది, బస్సు తొమ్మిదికి గదా!"

ఈ నాటకాలకు అదే చట్టం. జనం వన్స్‌మోర్ అన్నారంటే పద్యం మళ్లీ పాడాలి. చచ్చినవాడు లేచి, చావుకు ముందరి పద్యం నుంచి ఎత్తుకుని, మళ్లీ చావాలి. వసీం లేచాడు, మీసం అదుముకున్నాడు, ఉరికొయ్య కిందికి నడిచాడు, రెండోసారి చచ్చాడు. మైమూన్ మొదటి పద్యాన్ని రెండోసారి పాడింది, ఆపైన మూడోసారి పాడింది. రెండో పద్యానికీ అదే మర్యాద జరిగింది. మూడో పద్యం నడుస్తుండగా ఎండ వేదిక అంచును తాకింది. ఆడవాళ్లు పాలు పిండడానికి లేచి వెళ్లారు. నాటకాల కంట్రాక్టరు జమాల్ ఇక ముగించమన్నట్టు తెర పక్కనుంచి చేయి తిప్పాడు. మైమూన్ మడమతో చెక్క మీద రెండుసార్లు తట్టింది. హార్మోనియం ముందున్న జ్ఞానప్రకాశం ఆ చప్పుడు విని, పద్యాన్ని అక్కడే వదిలి మంగళం అందుకున్నాడు.

మడమతో రెండు తట్లంటే ఆట ముగించమని అర్థం. ముగించే హక్కు ప్రధాన వేషానిది. ఎందుకని హార్మోనియం మనిషి అడగకూడదు, అడిగే వ్యవధీ ఉండదు. ముప్పయ్యేళ్లకు పైగా జ్ఞానప్రకాశం ఎన్నడూ అడగలేదు.

ఆ నాటకాన్ని రెండు తరాల కిందట జమ్మలమడుగు మిషన్ బడిలో పాఠం చెప్పిన ఒక ఉపాధ్యాయుడు రాశాడు. శోకఘట్టంలో తొమ్మిది పద్యాలున్నాయి. మొదటి ఎనిమిదింటిలో తల్లి అందరు తల్లులలాగే ఏడుస్తుంది. తొమ్మిదో పద్యంలో ఏడవదు. కొడుకు మెడలోని తాడును తన చేత్తో విప్పి, చుట్టచుట్టి, ఉరితీసినవాడి చేతికి తిరిగి ఇస్తుంది. "ఇది నీ సొమ్ము, తీసుకో, నీ తల్లి ఇంకా బతికి ఉన్నదా?" అని అడుగుతుంది. అంతే పద్యం. ముందరి ఎనిమిదీ ఈ ఒక్క ప్రశ్న కోసం రాసినవని మైమూన్‌కు ఇరవై ఏళ్ల వయసులోనే అర్థమైంది. ఇప్పుడు ఆమెకు యాభై ఎనిమిది. ఆ ప్రశ్నను ఆమె జనం ముందు ఒక్కసారి కూడా అడగలేకపోయింది. మొదటి మూడు పద్యాలను జనం వన్స్‌మోర్లతో తినేసేవారు, మిగిలినది పొద్దుపొడుపు తినేసేది.

అందుకే ఆమెకు ఆ కేక అంటే వెగటు. అది మెచ్చుకోలు కాదు, ఆకలి అని ఆమె అనేది. అన్నం తిన్నవాడు వండినదాని మొహం చూడడు గదా, మళ్లీ గరిటె చూస్తాడు. పైగా ఆ కేక వేసే మగవాళ్లలో సగం మంది పగటిపూట ఆమె ఎదురుపడితే పలకరించడానికి వెనుకాడేవారే. సొంత అన్న కూడా పెళ్లిళ్లలో ఆమెను మైకుకు దూరంగా, వంటల పందిరి పక్కన కూర్చోబెట్టేవాడు. వేషం కట్టే ముసల్మాను ఆడది అందరికీ రాత్రి అయినదే, పగలు కానిది.

ఆ ఉదయం మాత్రం మంగళం అయ్యాక వేదిక పక్కన ఒక కొత్త మనిషి నిలబడి ఉంది. చేనేత చీర, కురచ జుట్టు, మెడలో పెద్ద వెండి బిళ్ల. బెంగళూరులో ఏటా జరిగే ఒక అంతర్జాతీయ ఉత్సవానికి ప్రదర్శనలు ఎంపిక చేసే అధికారిణి ఆమె. సంగీతం, నాటకం, ఒపెరా, నృత్యం అన్నింటికీ దేశదేశాల వాళ్లు వస్తారనీ, ఈ ఏడు ఆంధ్రదేశం నుంచి మైమూన్‌ను పిలవదలచామనీ ఆమె పుస్తకంలోని తెలుగులో చెప్పింది.

"నాటకం మొత్తం అవసరం లేదు. తల్లి శోకం మాత్రం కావాలి. సంపూర్ణంగా. ఒక గంట సమయం ఇస్తాము."

మైమూన్ మొహం మీది రంగు తుడుచుకుంటూ ఆగింది. "తొమ్మిది పద్యాలూనా అమ్మా?"

"ఎన్ని ఉంటే అన్నీ."

"మధ్యలో ఆపరు గదా?"

"మా ప్రేక్షకులు అటువంటివారు కారు" అన్నది ఆ అధికారిణి, కొంచెం నవ్వి.

*

ఆ వారమే ప్రొద్దుటూరులో డాక్టరు మైమూన్ మెడ నొక్కి చూశాడు. థైరాయిడ్ గడ్డ చాలాకాలంగా ఉన్నదే, ఇప్పుడు ఊపిరిగొట్టం మీదికి వాలింది. కోసి తీసేయాలి. గొంతుకు ప్రాణమిచ్చే నరం సరిగ్గా ఆ గడ్డ వెనుకనే పోతుంది. అది గడ్డలో కలిసిపోయి ఉంటే మాట మిగులుతుంది గాని పాట మిగలదు.

"మీరేం పని చేస్తారు?"

"నాటకాలు సార్."

డాక్టరు కలం పక్కన పెట్టాడు. "అయితే పాడాల్సింది ఏమన్నా ఉంటే ముందే పాడుకోండమ్మా. కానీ నెల దాటనీయొద్దు."

పెద్దమ్మను ఖాలా అని పిలిచే చెల్లెలి కూతురు కౌసర్ ఆమెతోనే ఉంటుంది. ప్రొద్దుటూరులోనే ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. ఆస్పత్రి మెట్లు దిగుతూ ఆ పిల్ల ఏడ్చింది. మైమూన్ ఏడవలేదు. ఆమె అప్పటికే లెక్క తేల్చుకున్నది. ఉత్సవం ముందు, కత్తి తరవాత. అక్కడ ఒక్కసారి తొమ్మిదో పద్యం పాడితే, ఇక గొంతు ఏమైపోయినా దాని పని అది చేసినట్టే.

సాధనకు ఆమె బస్సెక్కి జమ్మలమడుగు పోయేది. జ్ఞానప్రకాశం మిషన్ బడిలో రిటైరైన ఉపాధ్యాయుడు. ఆదివారాలు చర్చిలో, మిగతా రోజులు నాటకాల్లో హార్మోనియం వాయించేవాడు. ఈ రెండు పనుల వల్లా అతనికి రెండువైపులా గౌరవం తగ్గింది. చర్చిలో పెద్దలకు అతడు నాటకాలవాడు, నాటకాల్లో కుర్రాళ్లకు ఫాదర్. అతని భార్య దీవెనమ్మ మిరియాల కషాయం కాచి ఇచ్చేది. వరసగా తొమ్మిది పద్యాలూ పాడితే నలభై నిమిషాలు. ఏడో పద్యంలో పై షడ్జమం దగ్గర మైమూన్‌కు గొంతులో రాయి అడ్డుపడ్డట్టుండేది.

"అర మెట్టు దించుదామా?" అని జ్ఞానప్రకాశం అడిగాడు.

"దించేది లేదన్నా. ఆయమ్మ కొడుకు సచ్చి పడుండాడు, నా మెడ నొస్తాందని సుతి దించమంటుందా?"

"అదిగాదు చెల్లే, ఆడ మధ్యలో గొంతు పట్టుకుందనుకో..."

"పట్టుకుంటే నేనే తడతా. నా మడమ యాడికీ పోలేదు గదా."

ఆ మాట అప్పటికి వాళ్లిద్దరికీ ధైర్యం చెప్పుకున్నట్టే అనిపించింది.

*

బెంగళూరులో వాళ్లకు మంచి గది ఇచ్చారు, మెడలో వేసుకోవడానికి పేరు రాసిన అట్ట ఇచ్చారు. మైమూన్ పేరు కింద వృత్తి ఉండవలసినచోట ఊరి పేరు మాత్రం ఉంది. మొదటి సాయంత్రం పెద్ద హాలులో ఇటలీవాళ్ల ఒపెరా. అంటే ఆసాంతం పాటలతోనే నడిచే నాటకం. బృందం వాళ్లందరికీ ప్రవేశం ఉచితమన్నారు. వసీం ఊరు చూడబోయాడు. మైమూన్, జ్ఞానప్రకాశం వెళ్లి కూర్చున్నారు.

వేదిక పైన చిన్న పలక మీద పాట అర్థం ఇంగ్లీషులో పడుతోంది. జ్ఞానప్రకాశం చదివి గుసగుసగా చెబుతున్నాడు. "యుద్ధానికి పోయిన మొగుడు రాలేదంట. ఈమె విషం తాగిందంట."

"ఎప్పుడు తాగింది? నేను చూల్లేదే?"

"తాగుతా అంటాంది. ఇంగా తాగలా."

"తాగేటప్పుడు చెప్పు."

నీలం గౌనులో ఉన్న ఆ ఇటలీ మనిషి భారీకాయం. మైకు లేకుండా పాడుతోంది. అది గమనించినప్పటి నుంచి మైమూన్ ముందుకు వంగి కూర్చుంది. ఆ గొంతు హాలు చివరిదాకా పోయి గోడను తాకి తిరిగి రావడం ఆమె తన మెడ నరాల్లో విన్నది. విషం తాగాక ఆ మనిషి మెట్ల మీద ఒరిగి, చాలా పొడుగు పాట ఒకటి పాడి కన్ను మూసింది. మరుక్షణం హాలు దద్దరిల్లింది. చప్పట్లు, ఈలలు, "బ్రావా" అని కేకలు. వాయిద్యాలు ఆగిపోయాయి. చచ్చిన మనిషి చాలాసేపు చచ్చే ఉంది. చప్పట్లు తగ్గకపోయేసరికి సగం లేచి, గుండెల మీద చేయి వేసుకుని, తల వంచి, మళ్లీ చచ్చిపోయింది.

మైమూన్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈ మధ్య కాలంలో ఆమె నవ్వడం అదొక్కసారే.

"అన్నా, చూసినావా? వీళ్లది కూడా మన కథే. సచ్చినోళ్లను లేపుతాండారు!"

జ్ఞానప్రకాశానికి అది నచ్చలేదు. "ఏడుపు పాటకు చప్పట్లేంది? మనిషి సచ్చిపోతాంటే ఈలలేంది? మర్యాద తెల్లేదు వీళ్లకు."

"నీకు చర్చి తప్ప ఏదీ మర్యాదగాదు పోన్నా."

గదికి తిరిగి వచ్చేటప్పుడు ఆమె మనసు తేలికగా ఉంది. ఎక్కడ చప్పట్లు కొట్టాలో తెలిసిన జనం వీళ్లు. పాట పూర్తి అయ్యేదాకా ఆగారు, పూర్తయ్యాక అరిచారు. ఇన్నేళ్లుగా ఆమె కోరుకున్నది ఇటువంటి జనాన్నే. ఆకలితో కాక, వినికిడితో అరిచే జనాన్ని.

*

మరునాడు సాయంత్రం వాళ్ల ప్రదర్శన అదే హాలులో. తెర వెనుక మైమూన్ కొప్పు సవరించుకుంటోంది. వసీం చాప మీద పడుకుని శవమవుతున్నాడు. తెర ముందు ఆ అధికారిణి ఇంగ్లీషులో ఏదో చెబుతోంది. మైమూన్‌కు ఇంగ్లీషు రాదు. వచ్చిన జ్ఞానప్రకాశం వేదిక పక్కన హార్మోనియం ముందు కూర్చుని అంతా విన్నాడు, తల ఊపాడు. తెర లేచింది.

ఊళ్లలో ట్యూబులైట్ల కింద జనం మొహాలు కనిపిస్తాయి. ఎవరు నిద్రపోతున్నారో, ఎవరు ముక్కు చీదుతున్నారో, ఎవరు బీడీ ఆర్పేశారో వేదిక మీదివాళ్లకు తెలుస్తుంది. ఇక్కడ దీపాలన్నీ ఆమె కళ్లలోకే ఉన్నాయి. వాటి అవతల నల్లటి గోడ తప్ప ఏమీ లేదు. ఆమె ఆ గోడకే మొదటి పద్యం పాడింది. గొంతు బాగా పలికింది. ఆఖరి రాగాన్ని చాలా ఎత్తుకు తీసుకుపోయి, అక్కడ నిలిపి, సన్నగా దించింది.

ఏమీ వినబడలేదు.

రెండో పద్యం మొదలుపెట్టేముందు ఆమె అలవాటు కొద్దీ ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చింది. ఆ వ్యవధిలో ఆమెకు జవాబు రావాలి. కేకగానో, దగ్గుగానో, పసిబిడ్డ ఏడుపుగానో, ఏదో ఒకటి. ముప్పై ఎనిమిదేళ్ల వృత్తిలో ఆమె నిశ్శబ్దాన్ని రెండే సందర్భాల్లో చూసింది. వాన మబ్బు చూసి జనం లేచి వెళ్లిపోయినప్పుడు ఒకసారి. ఆట నచ్చక, తిట్టడం కూడా దండగనుకున్న ఒక ఊళ్లో ఒకసారి.

రెండో పద్యం చివర సంగతులు ఎక్కువ వేసింది. ఏమీ లేదు. మూడో పద్యంలో, అన్ని ఊళ్లలోనూ ఆడవాళ్లు కొంగులు కళ్లకు ఒత్తుకునే "నీ చెప్పుల జాడ వాకిట్లోనే ఉందిరా" అన్న చోట, ఆమె గొంతును కావాలని చిట్లించింది. అట్లా చెయ్యడం ఆమెకు ఇష్టం లేని పని. అయినా చేసింది. ఎక్కడో ఒకరు దగ్గి, దగ్గినందుకు సిగ్గుపడ్డట్టు ఆపుకున్నారు.

నిన్న ఇదే హాలు, బహుశా ఇదే జనం. ఆ నీలం గౌను మనిషికి గోడలు అదిరేలా చప్పట్లు కొట్టినవాళ్లు. వాళ్లకు చప్పట్లు కొట్టడం రాదనుకోవడానికి వీలులేదు. మైమూన్ అర్థం చేసుకున్నది, అంటే తప్పుగా అర్థం చేసుకున్నది: వీళ్లకు చేతులున్నాయి, తన కోసం ఎత్తడం లేదు. గడ్డ గొంతులో వినబడుతోంది కాబోలు. సుతి జారుతోంది కాబోలు, తన చెవికే తెలియడం లేదు. మర్యాదస్తులు గనుక లేచి పోవడం లేదు. ఓర్చుకుంటున్నారు.

నాలుగో పద్యాన్ని ఆమె సంగతులు లేకుండా ముగించింది. చిన్నతనంలో ఆమెకు వేషం నేర్పిన ముసలాయన మొట్టమొదట నేర్పింది పద్యం కాదు, వదిలేయడం. జనం పలకనప్పుడు పట్టుకుని వేలాడకు, దండం పెట్టి దిగిపో అని. వేషగాడికి ఉండే పరువు అదొక్కటే అని. ఐదో పద్యం మొదటి పాదం దగ్గర, ఇంకా నాలుగు పద్యాల అవతల తాడు, ఉరితీసినవాడు, ఆ ప్రశ్న ఉండగానే, మైమూన్ మడమ ఎత్తి చెక్క మీద తట్టింది. మళ్లీ తట్టింది.

జ్ఞానప్రకాశం తల ఎత్తి ఆమెను చూశాడు. గొంతు పట్టుకుందని అతడు నిశ్చయంగా అనుకున్నాడు. ఆమెను అవమానం పాలు చేయకుండా, ఒక్క లిప్త కూడా తడబడకుండా, మంగళం అందుకున్నాడు.

తెర పడింది. ఆపైన చప్పట్లు వచ్చాయి. అవి ఎంతకూ ఆగలేదు. తెర మళ్లీ లేపారు, హాలులో దీపాలు వేశారు, జనమంతా లేచి నిలబడి ఉన్నారు. మైమూన్ చేతులు జోడించింది. ముఖ్య అతిథి ఉపన్యాసం ఎట్టకేలకు ముగిసినప్పుడు కూడా జనం ఇట్లాగే లేచి కొడతారని ఆమెకు తెలుసు. అధికారిణి వచ్చి ఆమెను కావలించుకుని కళ్లు తుడుచుకున్నది. రోగిష్టి మనిషి మీద జాలి అనుకున్నది మైమూన్.

తిరుగు బస్సులో ఇద్దరూ మాట్లాడుకోలేదు. గొంతు సంగతి ఎత్తితే ఆమె బాధపడుతుందని అతడు ఎత్తలేదు. ఓడిన సంగతి అతడు ఎత్తనందుకు ఆమె లోలోపల అతనికి దండం పెట్టుకుంది. కిటికీ పక్కన వసీం మాత్రం నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

*

ఆపరేషన్‌కు ముందురోజు మధ్యాహ్నం జ్ఞానప్రకాశం ప్రొద్దుటూరు వచ్చాడు. ద్రాక్షపళ్లు తెచ్చాడు, ప్రార్థన చేయించానన్నాడు. కౌసర్ బడి నుంచి అప్పుడే వచ్చి ఫోను తీసింది.

"ఖాలా, మీ ప్రోగ్రాం వీడియో పెట్టినారు. చూద్దాం రా."

"నాకొద్దు. నువ్వు చూసుకో."

"ఒక్కసారి ఖాలా. రేపట్నుంచి నువ్వు పాడేది..." అని కౌసర్ నాలిక కరుచుకున్నది. మైమూన్ వచ్చి మంచం మీద కూర్చుంది.

వీడియో అధికారిణి మాటలతో మొదలైంది. కౌసర్ పిల్లలకు పాఠం చెప్పినట్టే, ఆలోచించకుండా, వాక్యం వెంట వాక్యం తెలుగు చేసుకుంటూ పోయింది.

"ఇప్పుడు మీరు చూడబోయేది నాటకం గాదంట... కరువు సీమలో ముస్లిం ఆడోళ్లు తరతరాలుగా చేసే శోకకర్మ అంట... ఇదేంది ఖాలా, అట్ల చెప్తాంది?... వీళ్లు కళాకారులు గాదు, శోకాన్ని మోసేవాళ్లు అంట. అందుకని మీకు మనవి. దయచేసి చప్పట్లు కొట్టొద్దు, చప్పుడు చెయ్యొద్దు, ఆఖరిదాకా నిశ్శబ్దంగా ఉండి ఆ పవిత్రతను కాపాడండి."

ఫోనులో తెర లేచింది. కెమెరా వేదిక పక్కన, కొంచెం వెనగ్గా పెట్టినట్టుంది. మైమూన్ వీపు, దాని అవతల మొదటి వరసల జనం మొహాలు కనబడుతున్నాయి. అంతకుముందు రోజు పాడిన నీలం గౌను మనిషి మామూలు చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చుని ఉంది. మూడో పద్యం దగ్గర ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నది. ఆమె పక్కన నెరిసిన గడ్డం మనిషి కళ్లజోడు తీసేశాడు. వెనుక ఒక పిల్ల తన చేతులు రెంటినీ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. కొట్టాలని ఉండి, కొట్టవద్దన్నారు గనుక.

తరవాత మైమూన్ మడమ లేచింది.

"ఆపు" అన్నది మైమూన్.

కౌసర్ ఆపింది. మైమూన్ జ్ఞానప్రకాశం వైపు తిరిగింది.

"అన్నా, నువ్వు ఇదంతా విన్నావా? ఆయమ్మ చెప్పేటప్పుడు?"

"విన్నా."

"నాకెందుకు చెప్పలా?"

"దాంట్లో చెప్పేదానికేముంది చెల్లే? ఏడుపు పాట, గమ్మునుండండి అనింది. మర్యాదగల మాట అనుకుంటి. చర్చిలో మేము అట్లే గదా. నీకెప్పుడూ వన్స్‌మోర్లు గిట్టవు, ఇప్పుడన్నా నీ మనసు ప్రకారం జరుగుతాంది, చల్లగా పాడుకుంటాదిలే అనుకుంటి."

"నాటకం గాదు అంటే కూడా ఊరుకుంటివా? మేం వేషగాళ్లం గాదంటే ఊరుకుంటివా?"

అతడు తల వంచుకున్నాడు. "అది... పెద్ద మాటలు మాట్లాడుతాంది, వాళ్ల పద్ధతి ఏమో అనుకుంటి."

"నేను తడితే ఏమనుకుంటివి?"

"గొంతు పట్టుకుందనుకుంటి."

"పట్టుకోలా" అన్నది మైమూన్. ఆమె గొంతు పెంచలేదు. "నా గొంతు ఆ పొద్దు బాగుండె. ఇరవై ఏళ్లప్పుడు కూడా అంత బాగా లేదు. నువ్వు పక్కనే ఉంటివి. ముప్పై ఏళ్లు విన్న గొంతు. అది పోలేదని నీకు తెల్లేదా? నా మడమ మాటే విన్నావు గాని, నా గొంతు మాట వినలేదన్నా నువ్వు."

కౌసర్‌కు కోపం ఆగలేదు. ఉత్సవం వాళ్ల ఉత్తరం మీద ఉన్న నంబరుకు ఫోను చేసి, స్పీకరు పెట్టింది. అధికారిణి వెంటనే పలికింది, ఎంతో ఆదరంగా పలికింది.

"మేడం, మా ఖాలా పాడింది నాటకం. రాసినాయన ఉండాడు, ఆయనకు పేరుంది. శోకకర్మ అని మీకెవరు చెప్పినారు?"

"అమ్మా, మీరు అపార్థం చేసుకున్నారు. అది తక్కువ చేయడం కాదు. కళ కంటే కర్మ గొప్పది. మేము ఆమెను అంత ఎత్తులో పెట్టాము."

"ముందురోజు పాడిన ఇటలీ ఆమెకు చప్పట్లు కొట్టనిచ్చినారు గదా?"

"అది ఒపెరా, తల్లీ. దాని సంప్రదాయం వేరు." కొంచెం ఆగి ఆమె మరింత మెత్తగా అన్నది: "మీ పెద్దమ్మగారికి చెప్పండి. ఆ అకస్మాత్తు ముగింపు ఉన్నదే, శోకం ఒక్కసారిగా తెగిపోవడం, అది మా విదేశీ అతిథులను కదిలించివేసింది. ఎంత ఆధునికమైన నిర్ణయం! దాని గురించి వ్యాసం కూడా రాస్తున్నాము."

మైమూన్ చేయి చాచి ఫోను ఆపేసింది. ఆపరేషన్ బల్ల ఎక్కడానికి ముందు ఆమెకు తెలియవలసింది ఏమన్నా మిగిలి ఉంటే అది ఇప్పుడు తెలిసిపోయింది. ఆమె బాగా పాడింది. జనం విన్నారు. ఆమె కోరిన జనమే, ఆమె కోరిన నిశ్శబ్దమే. దాన్ని దాటి పోవడానికి ఆమెకు కావలసింది ఒక్క కేక. జీవితమంతా ఈసడించుకున్న, బీడీ కంపు కొట్టే, నోరు మంచిది కాని, ఆ ఒక్క కేక. తను మనుషుల ముందు ఉన్నానని తెలియడానికి అదొక్కటే గుర్తు అని ఆమెకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు, తనకై తాను ఎప్పుడూ అనుకోలేదు.

జ్ఞానప్రకాశం కళ్లు తుడుచుకుని లేచాడు. "చెల్లే, రేపు పదింటికి గదా ఆపరేషన్. ఇంగా పొద్దుంది. నేను పోయి హార్మోనియం పెట్టె తెస్తా. పక్కింటోళ్లను పిలుద్దాం, వసీమును పిలుద్దాం. కౌసరు ఫోన్లో పట్టుకుంటాది. తొమ్మిదీ పాడు."

"ఎవరికన్నా?"

"మాకు."

"మీరు నన్ను చూసి ఏడుస్తారు. పాలెగాడి తల్లిని చూసి గాదు." మైమూన్ ద్రాక్షపళ్ల సంచిని తీసి గూట్లో పెట్టింది. "రేపు గొంతు కోపిచ్చుకోబోయే ముసల్దాన్ని చూసి ఏడుస్తారు. ఆ ఏడుపు నాకొద్దు. నేను వేషగత్తెను. తెలీనోళ్లు గావాల నాకు. పోన్నా, బస్సు పోతాది నీకు."

"చెల్లే..."

"నేను నిన్ను ఏమనలేదు. పో. దీవెనమ్మ ఎదురు చూస్తాంటుంది."

అతడు జమ్మలమడుగు బస్సుకు పోయాడు. కౌసర్ వంటింట్లోకి పోయి చేతికందిన గిన్నెలన్నీ తోమింది. మైమూన్ మంచం మీద కూర్చుని, ఆస్పత్రికి తీసుకుపోవలసిన గుడ్డలు మడత పెట్టుకుంది.

మర్నాడు ఉదయం ఆస్పత్రిలో, లోపలికి తీసుకుపోయేముందు, గొంతు నిపుణుడైన ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. కోతకు ముందు గొంతు తీగలు కదులుతున్నాయో లేదో చూసి రాసుకోవాలట. తరవాత ఏమన్నా తేడా వస్తే ఎవరిదీ తప్పు కాకుండా. అతడు ఆమె నాలుకను గుడ్డతో పట్టుకుని ముందుకు లాగాడు, పొడుగు పిడి ఉన్న చిన్న అద్దాన్ని నోట్లోకి పోనిచ్చాడు, నుదుటి మీది దీపాన్ని సరిచేసుకున్నాడు.

"ఇప్పుడు 'ఈ' అనండమ్మా. పొడుగ్గా."

మైమూన్ అన్నది. నాలుక అతని చేతిలో ఉన్నా, గొంతులో లోహం ఉన్నా, సుతి తప్పలేదు. మొదట కింద పట్టుకుని, పైకి పోయి, పై షడ్జమం మీద నిలబడింది. తలుపు దగ్గర ఉన్న నర్సు వెనక్కి తిరిగి చూసింది.

"చాలమ్మా, చాలు" అన్నాడు డాక్టరు, అద్దాన్ని బయటికి తీస్తూ. "రెండూ బాగానే కదులుతాండాయి."